లోపలి గడియ

ఇన్‌స్పెక్టరమ్మ కిటికీ ఊచను రెండు చేతులా పట్టుకుని గుంజి చూసింది. ఊచ కదల్లేదు.

“ఇది తెరుచుకోదా?” అంది.

“ఏనుగొచ్చి లాగినా ఊడదు మేడమ్,” అన్నాడు మేస్త్రీ గర్వంగా.

“అయితే సర్టిఫికెట్ రాదు.”

ఆ ముక్క అని ఆవిడ పక్కగదిలోకి వెళ్ళిపోయింది. మేస్త్రీ తెరిచిన నోరు మూయకుండా మేనకోడలి వైపు చూశాడు. మేనకోడలు అప్పటికే చేతిలోని ఫైలు తిరగేస్తోంది.

ఆ మేనకోడల్ని సైట్ల మీద అందరూ ప్లానమ్మ అంటారు. ప్లాన్లు గీయడం, వాటికి మున్సిపల్ ఆఫీసులో అనుమతులు తెచ్చిపెట్టడం ఆమె పని. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వినపడదు, కనపడదు. ఆమె గీస్తే అమ్మ తమ్ముడు, ఈ మేస్త్రీ మావయ్య, కడతాడు. ప్రతి సోమవారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి, నోటీసు బోర్డు మీద కొత్త సవరణ ఏదైనా అంటించారేమో చూసి, ఫోటో తీసుకుని, ఇంటికొచ్చి రెండుసార్లు చదివి గానీ ఆమె పెన్సిల్ పట్టుకోదు. “రూల్సంటే పాల ప్యాకెట్లమ్మా. నిన్నటిది ఇవాళ విరుగుతుంది. రోజూ తేదీ చూసుకోవాల్సిందే,” అని మావయ్య నవ్వేవాడు. ఆ నవ్వులో కాస్త గొప్ప కూడా ఉండేది. తక్కినవాళ్ళ ఫైళ్ళు నెలల తరబడి నానుతుంటే తమవి చకచకా బయటికి వచ్చేవి.

ఇన్‌స్పెక్టరమ్మ తిరిగి వచ్చి వరండాలో ఆగింది. వయసులో చిన్నది, ఈ మధ్యే ఈ వార్డుకు వేశారు. తల మీది హెల్మెట్ పెద్దదై మాటిమాటికీ కళ్ళ మీదికి జారుతోంది.

“పై అంతస్తుల్లో మనుషులు పడుకునే ప్రతి గదికీ ఒక కిటికీ గ్రిల్లు లోపలి నుంచి తెరుచుకోవాలి. తాళంచెవి అక్కర్లేకుండా, మనిషి దూరేంత. కొత్త సవరణ.”

“చదివానండీ,” అంది ప్లానమ్మ. “సవరణకి ముందే మంజూరై శ్లాబులు పడిన కట్టడాలకి వర్తించదని దాని కిందే ఉంది. మా శ్లాబులు ఎప్పుడో పడ్డాయి.”

“అది ఇళ్ళకి. ఇది హాస్టలు.”

“ఇళ్ళకి అని ఆ వాక్యంలో లేదు కదండీ.”

“నలభైమంది ఆడపిల్లలు పడుకుంటారిక్కడ,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఇంకేదో అనబోయి మానేసి, హెల్మెట్ సర్దుకుని మెట్లు దిగింది.

కింద గేటు దగ్గర నర్సమ్మ నిలబడి ఉంది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల కోసం అద్దెకొంపలో హాస్టలు నడుపుతూ, ఇన్నాళ్ళకు సొంత కట్టడం లేపింది. అద్దెకొంపను పడగొట్టేస్తామని దాని యజమాని ఆదివారం వరకే గడువిచ్చాడు. పిల్లలందరూ పెట్టెలు కట్టుకుని కూర్చున్నారు. సర్టిఫికెట్ లేనిదే కొత్త కట్టడంలో చేరడానికి వీల్లేదు.

విషయం విని నర్సమ్మ సర్టిఫికెట్ మాట ఎత్తలేదు. “తెరుచుకునే ఊచలా?” అంది. “ఎవరమ్మా ఈ రూలు రాసినవాడు? వాడెప్పుడైనా ఆడపిల్లలున్న ఇంట్లో పడుకున్నాడా?”

“మనకి వర్తించదు లెండి నర్సమ్మగారూ. రేపు ఆఫీసుకెళ్ళి తేలుస్తాను.”

“పాత హాస్టల్లో ఒకడు నీళ్ళ పైపు పట్టుకుని పైకెక్కాడు. వదులైన ఊచ ఒకటి పక్కకి వంచి, చెయ్యి లోపలికి పెట్టి, నిద్రపోతున్న పిల్ల జడ పట్టుకున్నాడు. ఆ పిల్ల అరుపు నా చెవిలో ఇంకా ఉంది.” నర్సమ్మ తన చెవి మీద చెయ్యి వేసుకుంది. “అందుకే చెప్పాను మీ మావయ్యకి. తలుపులు దళసరిగా ఉండాలి, ఊచలు గోడలో పాతుకుపోవాలి అని. తెరుచుకునే ఊచలు పెట్టడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమే.”

ఆమె లోపలికి వెళ్ళాక మావయ్య గొంతు తగ్గించాడు. “అమ్మడూ, ఇంత గొడవెందుకే? వెల్డర్ని పిలిచి గదికో గ్రిల్లుకి మడతబందులు పెట్టిద్దాం. ఆవిడొచ్చి తెరిచి చూసుకుని సంతకం పెట్టిపోతుంది. వెనకాలే ఒక్క చుక్క వెల్డింగు. ఆవిడకి తెరుచుకున్నట్టు, దొంగకి తెరుచుకోనట్టు. పాము చావదు, కర్రా విరగదు.”

“నా సంతకం కింద అలాంటివి వద్దు మావయ్యా. వాక్యం మన వైపుంది. తిన్నగానే గెలుస్తాను.”

మర్నాడు ఆఫీసు తలుపులు తీసేసరికే ప్లానమ్మ అక్కడుంది. ఇన్‌స్పెక్టరమ్మ బల్ల ముందు కూర్చుని సవరణ కాగితం పరిచింది. ఇద్దరూ ఒకే వాక్యాన్ని చెరోవైపు నుంచి లాగారు. మంజూరైన కట్టడాలు అంటే ఏ కట్టడాలైనా అని ఈమె. సవరణ మొత్తం దేనికోసం వచ్చిందో అది చూసి చదవాలి గానీ ఒక్క ముక్క కోసుకుని చదవకూడదని ఆమె. చివరికి ఇద్దరూ కలిసే పెద్ద ఆఫీసరు గదిలోకి వెళ్ళారు.

పెద్ద ఆఫీసరు టీ తాగుతూ కాగితం చదివాడు. గదిలో ఇంకా నలుగురైదుగురు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇందులో ఇల్లనీ, హాస్టలనీ ఎక్కడుందమ్మా?” అన్నాడు ఇన్‌స్పెక్టరమ్మతో.

“లేదు సార్. కానీ హాస్టళ్ళలో...”

“లేదు కదా. లేనిది నువ్వెందుకు చదువుతున్నావు? అక్షరాలొచ్చా, నేర్పించాలా?”

నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌స్పెక్టరమ్మ మెడ దగ్గర్నుంచి ఎర్రబడుతూ వచ్చింది. ఆమె తల దించుకోలేదు, బల్ల మీది కాగితం వైపే చూస్తూ నిలబడింది.

“పాత రూల్సే వర్తిస్తాయి. గదుల ఫోటోలు జతచేసి రేపు సాయంత్రానికి సంతకం పెట్టి ఇచ్చెయ్,” అన్నాడు ఆయన, ఇంకో ఫైలు అందుకుంటూ.

బయటికి వచ్చాక ప్లానమ్మకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. వరండా చివర కుళాయి దగ్గర ఇన్‌స్పెక్టరమ్మ మొహం కడుక్కుంటోంది. దాటుకుని వెళ్ళకుండా వేరే దారి లేదు. “ఏమీ అనుకోకండి,” అంది ప్లానమ్మ. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, “ఫోటోలు పంపించండి,” అని లోపలికి వెళ్ళిపోయింది. గెలిచిన మనిషికి ఆ రెండు మాటలు దారంతా చెప్పులో ఇసుకలా నలుగుతూనే ఉన్నాయి.

ఫోటోల కోసం మూడోనాడు కట్టడానికి వెళ్ళింది. మావయ్య పైన వరండాలో రేకు ముక్కతో రంగు మరకలు గీకుతున్నాడు. వెల్డరు కింద మెట్ల రెయిలింగుకు ఆకురాయి పడుతున్నాడు. పనులైపోయాయని తాత్కాలిక కరెంటు పీకేశారు, సర్టిఫికెట్ వస్తే గానీ అసలు కరెంటు ఇవ్వరు. అందుకని అంతా చేతిపనే.

మూలగదిలోకి వెళ్ళి ప్లానమ్మ ఒక ఫోటో తీసిందో లేదో, ఎదురుగాలికి వెనక తలుపు దభీమని మూసుకుంది. ఆమె తాపీగా రెండు ఫోటోలు కూడా తీసుకుని, వచ్చి హ్యాండిల్ తిప్పింది. హ్యాండిల్ తిరిగింది. తలుపు రాలేదు.

“మావయ్యా, ఈ తలుపు చూడు.”

బయటి నుంచి తాళంచెవి తిరిగిన చప్పుడు వచ్చింది. ఒకసారి, రెండోసారి. “చెవి తిరుగుతోందే. తాళం నాలిక వెనక్కి రావట్లేదు,” అన్నాడు మావయ్య. “కొత్త తాళం కదా, మారాం చేస్తోంది. ఉండు, బుజ్జగిస్తా.” సుత్తితో చిన్నగా తట్టాడు. కాస్త గట్టిగా కొట్టాడు. ఇంకా గట్టిగా కొట్టాక, అప్పటిదాకా ఆడుతున్న హ్యాండిల్ కూడా బిగుసుకుపోయింది. “ఇదెక్కడి గోలే! కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది. భయపడకు, వడ్రంగికి ఫోన్ చేస్తున్నా.”

“భయమెందుకు,” అంది ప్లానమ్మ. నిజంగానే భయం లేదు. నర్సమ్మ కోరిక మీద దళసరి టేకు చెక్కకు లోపల రేకు వేయించిన తలుపు అది. దాని బలం చూసి నవ్వే వచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. గదిలో ఉక్కగా ఉంది. పచ్చి రంగు వాసన గొంతుకు అడ్డం పడుతోంది.

కాసేపటికి కిటికీ బయట నిచ్చెన కొస కనిపించింది. దాని వెనకే వెల్డరు తల.

“నీళ్ళు తెచ్చానక్కా.”

సీసా ఊచల మధ్య పట్టలేదు. అడ్డంగా పెట్టి చూశాడు, నిలువుగా పెట్టి చూశాడు. చివరికి మూత తీసి, “దోసిలి పట్టండి,” అన్నాడు. ఆమె ఊచల దగ్గరికి దోసిలి ఆనించింది. అతను బయటి నుంచి కొంచెం కొంచెంగా పోశాడు. సగం గోడ వెంట కారిపోయాయి. మిగిలినవి తాగి తలెత్తితే అతని మొహం జానెడు దూరంలో ఉంది. నుదుటి మీది చెమటచుక్క కూడా కనిపిస్తోంది.

“ఇంత దగ్గరుండి ఏం లాభమక్కా,” అన్నాడు. “కరెంటు ఉంటే మిషనుతో నిమిషంలో కోసేద్దును. రంపంతో కోస్తే పొద్దుగూకుతుంది. అంత గట్టిగా అతికించాను.” జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ఊచల్లోంచి అందించాడు. “తాళానికి మీ వైపు నాలుగు స్క్రూలుంటాయి. అవి తిప్పి చూడండి.”

స్క్రూల గాళ్ళలో రంగు నిండి గట్టిపడిపోయింది. ముందు దాన్ని గీకాలి. ఆమె తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని గీకడం మొదలుపెట్టింది. ఒకటి కదిలింది. రెండోది సగం తిరిగి ఆగింది.

అప్పుడు వాసన వచ్చింది.

మొదట రంగు వాసనే అనుకుంది. కాదు. ఏదో కాలుతోంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. “ఏదో కాలుతున్నట్టు లేదూ?”

వెల్డరు ముక్కు ఎగబీల్చాడు. ఒక్కసారిగా అతని మొహం మారిపోయింది. “కింద మెట్ల గదిలో రంగులో కలిపే థిన్నరు డబ్బాలున్నాయక్కా,” అని, ఆమె ఇంకో మాట అనేలోపే నిచ్చెన మీంచి జారినట్టు దిగిపోయాడు.

సన్నటి పొగ ఒకటి సన్‌షేడ్ కింద నుంచి లేచి, తాపీగా, ఊచల మధ్య నుంచి గదిలోకి వచ్చింది. పొగకు అడ్డేముంది. ప్లానమ్మ ఊచలు పట్టుకుంది. ఇన్‌స్పెక్టరమ్మలాగే రెండు చేతులా పట్టుకుని గుంజింది. ఎంత దూరంలో ఒకటి ఉండాలో, ఎంత లావుండాలో కొలతలు వేసి గీసింది తనే. తల పెట్టి చూసింది. చెంపలు ఒరుసుకుని ఆగిపోయింది. కింద రోడ్డు మీద ఒకావిడ కూరగాయల సంచితో వెళ్తోంది. “ఏవండీ!” అని అరిచింది. ఆవిడ తలెత్తి, ఎవరో కొత్తగా చేరిన పిల్ల పలకరిస్తోందనుకుని నవ్వి వెళ్ళిపోయింది.

“మావయ్యా! పొగొస్తోంది!”

తలుపు అవతల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. తాళం మీద కాదు, ఎక్కడ పడితే అక్కడ. మధ్యలో మావయ్య గొంతు వినిపించింది. మాటలు కావవి. చిన్నప్పుడు కూడా ఆమె ఆ గొంతు వినలేదు.

“అక్కా, ఏం లేదు! ఏం లేదు!” కింద నుంచి వెల్డరు అరుస్తూ వచ్చాడు. “పక్క స్థలంలో చెత్త తగలబెట్టారంతే! మన దగ్గర ఏం లేదు!”

సుత్తి దెబ్బలు ఆగడానికి ఇంకాస్త సేపు పట్టింది.

ఆమె మళ్ళీ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. స్క్రూడ్రైవరు గాడిలో నిలవడం లేదు. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. నాలుగోదాని తల అరిగిపోయింది. ఈలోగా వడ్రంగి వచ్చి బయటి నుంచి ఉలి పెట్టి చట్రం చీల్చాడు. తలుపు తెరుచుకుంది.

మావయ్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. అరచేతిలో చర్మం లేచి రక్తం కారుతోంది. మేనకోడల్ని చూసి లేవబోయి, లేవలేక, “ఫోటోలొచ్చాయా?” అన్నాడు. జోకు వేద్దామనుకున్నాడు కాబోలు.

ఆమె మొహమైనా కడుక్కోకుండా ఆఫీసుకు వెళ్ళింది. ఇన్‌స్పెక్టరమ్మ బల్ల సొరుగు తీసి సర్టిఫికెట్ ముందు పెట్టింది.

“ఫోటోలు ఇంకా ఇవ్వలేదు కదండీ.”

“తర్వాత జత చేయమన్నారు. పై నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. సంతకం పెట్టేశాను.”

“దీన్ని కొన్నాళ్ళు ఆపితే బాగుండునని వచ్చాను.”

ఇన్‌స్పెక్టరమ్మ ఆమె చెంప మీది ఎర్రటి ఒరుపును చూసింది, చేతివేళ్ళకున్న రంగును చూసింది. ఏమిటని అడగలేదు. “ఇప్పుడు ఆపడానికి నా చేతిలో ఏమీ లేదు,” అంది. “కాగితం మీది. ఇల్లూ మీదే.”

నిజమే. ఇప్పుడు ఏ ఆఫీసూ అడగదు. ఏ రూలూ అడ్డం లేదు. ఆ కాగితం పట్టుకుని ప్లానమ్మ తిన్నగా నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది. మావయ్య చేతికి కట్టు కట్టించుకుని అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు.

నర్సమ్మ సర్టిఫికెట్‌ను కళ్ళకద్దుకున్నంత పని చేసింది. ప్లానమ్మ చెప్పడం మొదలుపెట్టాక ఆమె మొహం మెల్లగా బిగుసుకుంది.

“కాగితం వచ్చాక కూడా గ్రిల్లులు కోస్తానంటావేంటమ్మాయ్? ఇదేం న్యాయం?”

“ఆ గదిలో నేనున్నాను నర్సమ్మగారూ.”

“తాళం చెడిపోయింది. తాళం మారుద్దాం. తాళం తప్పుకి ఊచల్ని శిక్షిస్తావా?” నర్సమ్మ లేచి నిలబడింది. “నీకు ఒక పూట భయమేసింది. నేను పదేళ్ళుగా పిల్లల్ని లెక్కపెట్టుకుని పడుకుంటున్నాను. వాడు మళ్ళీ ఎక్కడని నువ్వు రాసిస్తావా?”

ఆ భయం అబద్ధం కాదని ప్లానమ్మకు తెలుసు. తనకు తెలిసిన వాక్యాలన్నీ ఆఫీసులో పనికొచ్చేవే గానీ ఇక్కడ పనికొచ్చేది ఒక్కటీ లేదు. సహాయం కోసం మావయ్య వైపు కూడా చూడలేదు. చుక్క వెల్డింగు పెడదామన్న మనిషి ఆయన.

మావయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూస్తున్నాడు.

“అమ్మా,” అన్నాడు. “ఇది లోపలుంది. నేను బయటున్నాను.”

నర్సమ్మ ఆగింది.

“లోపలున్నవాళ్ళ సంగతి ఇది చెప్పింది. బయటివాడి సంగతి నేను చెప్తా వినండి. ముప్ఫయ్యేళ్ళుగా ఇళ్ళు కడుతున్నా. ఆ తలుపు నేనే పెట్టించా, ఆ ఊచలు నేనే పెట్టించా, ఏనుగొచ్చినా ఊడవని నేనే కోతలు కోశా. పొగొస్తోందని ఇది అరిచినప్పుడు నా చేతిలో సుత్తి నిలవలేదమ్మా. నా ఇల్లు నన్నే లోపలికి రానివ్వలేదు.” ఊపిరి తీసుకున్నాడు. “రేపు ఏదన్నా అయితే మీరే ఉంటారు బయట. లోపల నలభైమంది. మీరెవరి పేరు పెట్టి పిలుస్తారు ముందు?”

నర్సమ్మ కూర్చుంది. లేచి మంచినీళ్ళు తాగింది. మళ్ళీ కూర్చుంది.

“ఆ తెరుచుకునే గ్రిల్లు గడియ బయటి చేతికి అందితే మాత్రం,” అంది చివరికి, “నేనొప్పుకోను.”

ఆదివారం పిల్లలు వచ్చేశారు. పై గదులు తయారు కాలేదని నర్సమ్మ అందర్నీ కింద భోజనాల హాల్లో సర్దింది. వాళ్ళు గోడల వెంట పెట్టెలు పేర్చుకుని, స్నానాల గది దగ్గర వరస కోసం తగాదాలు పడుతూ, చాపల మీద పడుకున్నారు. నర్సమ్మను సణిగినవాళ్ళు సణిగారు. అసలు కరెంటు ఇంకా రాలేదని మావయ్య జనరేటరు తెప్పించాడు. వెల్డరు కొన్ని రోజులపాటు ప్రతి గదిలో ఒక గ్రిల్లు కోసి, చట్రం కట్టి, బందులు పెట్టాడు. ప్లానమ్మ గడియను కిటికీ పక్కన కాకుండా బాగా కిందికి, ఒక పొడవాటి కమ్మీతో మోకాలెత్తుకు దించి గీసింది. దాని ముందు ఊచల వైపు ఒక రేకు అడ్డం పెట్టించింది. లోపలి మనిషి వంగి పైకెత్తితే వస్తుంది. బయటి చెయ్యి ఎంత సాగినా రేకుకు తగిలి ఆగిపోవాలి.

“ఆగిపోవాలి కాదు, ఆగుతుందో లేదో చూడాలి,” అంది నర్సమ్మ. “నిచ్చెన వెయ్యండి.”

“మీరెందుకమ్మా, వెల్డరు ఎక్కుతాడు.”

“వాడికి చెయ్యి పెట్టడం రాదు. ఆ రోజు ఆ చెయ్యి ఎలా వచ్చిందో చూసింది నేను.”

చీర కుచ్చెళ్ళు దోపుకుని నర్సమ్మ నిచ్చెన ఎక్కింది. కింద ముగ్గురు నిచ్చెన పట్టుకున్నారు. హాల్లోంచి పిల్లలందరూ బయటికి వచ్చి తలలెత్తి చూస్తున్నారు. ఆవిడ ఊచల్లోంచి చెయ్యి మోచేతి దాకా దూర్చింది, మొహాన్ని గ్రిల్లుకు నొక్కి పెట్టి తడిమింది. వేళ్ళు రేకు మీద గీసుకున్న చప్పుడు కిందికి వినిపించింది. చెయ్యి తీసి, ఇంకో పక్క నుంచి పెట్టింది. వదులుగా ఉంటుందేమోనని గ్రిల్లును పట్టుకుని తన బరువంతా వేసి లాగింది. కిందున్నవాళ్ళకు పై ప్రాణాలు పైనే పోయాయి.

“అందట్లేదు,” అంది. ఇంకా నమ్మకం చాలక మిగతా గదుల కిటికీలకూ నిచ్చెన మార్పించి అన్నీ అలాగే తడిమి చూసింది. దిగేసరికి మోచేతుల దాకా తుప్పు, రంగు.

ఆ సాయంత్రం గదులిచ్చారు. నర్సమ్మ తాళంచెవుల గుత్తి నడుముకు కట్టుకుని ఒక్కొక్క గది ముందూ నిలబడింది. పిల్ల వచ్చి చెయ్యి చాస్తే చెవి ఇవ్వలేదు. “ముందు వెళ్ళి ఆ గ్రిల్లు తియ్యి. తీసి మళ్ళీ వెయ్యి. అప్పుడిస్తా.” పిల్లలు నవ్వుకుంటూ వెళ్ళి, వంగి, గడియ ఎత్తి, గ్రిల్లు బయటికి తోసి, మళ్ళీ లాగి వేసి వచ్చారు. కొందరు తల బయటికి పెట్టి వీధిలోకి చెయ్యి ఊపారు కూడా.

మూలగది ఒక సన్నపాటి పిల్లకు వచ్చింది. బట్టల కొట్టులో పనిచేస్తుంది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఆ గది గడియే అన్నిటికంటే బిగుతు. ఆ పిల్ల వంగి ఎత్తింది. రాలేదు. చున్నీ నడుముకు బిగించి మళ్ళీ ఎత్తింది. రాలేదు. వెనక గుమ్మంలో పిల్లలు గుమిగూడారు. వెల్డరు నూనె డబ్బాతో ముందుకు రాబోతే నర్సమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకు రాదేమోనండీ,” అంది ఆ పిల్ల, వెనక్కి తిరక్కుండానే.

“వస్తుంది. తొందరేం లేదు. నువ్వే తియ్యి తల్లీ.”

ప్లానమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. మావయ్య కట్టు చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులూ గడియ కింద పెట్టి, పళ్ళు బిగించి, భుజాలతో సహా పైకి లేపింది. గడియ కిర్రుమని లేచింది. గ్రిల్లు ఒక్కసారిగా బయటికి వెళ్ళిపోయింది. దాంతోపాటు ముందుకు తూలిన ఆ పిల్ల కిటికీ అంచు పట్టుకుని నిలదొక్కుకుంది.

నర్సమ్మ గుత్తిలోంచి మూలగది చెవి తీసి ఆమె చేతిలో పెట్టింది.